చూడని సాక్షి చెప్పాల్సిన నిజం

ఎచ్చెర్ల వాళ్లకు అరసవల్లి పక్క ఊరి కిందే లెక్క. అక్కడ కొలువైన సూర్యనారాయణమూర్తిని ఈ ప్రాంతం కర్మసాక్షిగా నమ్ముతుంది. ఎవరు ఏ పని చేసినా ఆయన కంట పడకుండా పోదన్నది ఆ నమ్మకం. కానీ ఆ సాక్షి కోర్టు బోనెక్కడు. లేబర్ రూములో అర్ధరాత్రి దాటాక ఎవరు పిలిస్తే ఎవరు రాలేదో, ఏ మందు ఎన్ని గంటలకు ఎక్కించారో దేవుడికి తెలిసినా, అది న్యాయమూర్తి దాకా చేరాలంటే ఒక మనిషి నోరు విప్పాలి. వైద్య నిర్లక్ష్యం కేసుల్లో ఆ పని నిపుణుడిది. ఆయన కూడా వైద్యుడే. జరిగిన చోట ఆయన లేడు, రోగిని చూడలేదు, చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు. ఆయన ముందున్నది ఒక కాగితాల కట్ట. దాన్ని చదివి, జరిగిన వైద్యం సరైనదా కాదా అని చెప్పాలి. కళ్లతో చూడనివాడు సాక్షి ఎలా అవుతాడు? తోటి వైద్యుడి పనిని తూచే హక్కు అతనికి ఎక్కడిది? ఆ పని చేయనని ఫైలు తిప్పి పంపేస్తే తప్పుందా? ఇవి చట్టం తేల్చగల ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, వీటి వేళ్లు ధర్మవిచారంలో ఉన్నాయి. నా వాదన ఇది: మరొకరి కేసు షీటును నిజాయితీగా చదివి, చూసింది చూసినట్టు కారణాలతో సహా చెప్పడం వైద్యుడి స్వధర్మంలో భాగం. చదవనని పక్కకు తప్పుకోవడం తటస్థత అనిపించుకోదు. బలవంతుడి పక్షాన నిలబడటమే అవుతుంది.

ఈ ప్రశ్న ఉత్తరాంధ్రలో ఎంత బరువైనదో ముందు చూడాలి. ఎచ్చెర్ల లాంటి మండలంలో ఒక కుటుంబానికి కష్టం వస్తే దారి దాదాపు ఒకేలా సాగుతుంది. మొదట దగ్గర్లోని నర్సింగ్‌హోం, తర్వాత శ్రీకాకుళం పెద్దాసుపత్రి, అక్కడా కాదంటే దాదాపు వంద కిలోమీటర్ల అవతల విశాఖ కేజీహెచ్. ప్రతి మెట్టు మీదా కొన్ని కాగితాలు పుడతాయి. అన్నీ ఇంగ్లీషులో, సగం పొడి అక్షరాల్లో ఉంటాయి. మనిషి పోయాక ఆ కట్టే కుటుంబం చేతిలో మిగిలే ఆధారం, కానీ అందులో ఏముందో వాళ్లు చదవలేరు. చట్టం వాళ్లకు తలుపు తెరిచే ఉంచింది. 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో మరో మాట చెప్పింది. వైద్యుడి మీద క్రిమినల్ కేసు నడపాలంటే ముందుగా మరో సమర్థుడైన వైద్యుడి నమ్మదగిన అభిప్రాయం ఉండాలి, దర్యాప్తు అధికారి కూడా ఆ శాఖలో అర్హత ఉన్న వైద్యుణ్ణి, వీలైతే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారిని, అడిగి తెలుసుకోవాలి. అంటే తలుపు తెరిచే ఉన్నా తాళం చెవి మరో వైద్యుడి జేబులో ఉంది. జిల్లాలో వైద్యులు ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఒకే కాలేజీ బ్యాచీలు, ఒకే సంఘం సమావేశాలు, ఒకరి రోగుల్ని ఒకరికి పంపుకునే అలవాట్లు. అలాంటి చోట "మనకెందుకు" అని ఒక్కరు అనుకుంటే, ఇంకొకరూ అనుకుంటే, న్యాయం అడిగినవాళ్లు గుమ్మంలోనే నిలిచిపోతారు.

నిపుణుడు అసలు ఏం చదువుతాడో దగ్గరగా చూస్తే అతని బాధ్యత తెలుస్తుంది. మచ్చుకు ఒక కాన్పు కేసు షీటు ఊహించుకుందాం. అందులో పార్టోగ్రాఫ్ అనే గళ్ల కాగితం ఉంటుంది. గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి నొప్పులు ఎలా సాగాయో, బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి ఎంతుందో అందులో చుక్కలుగా పెడతారు. ఒక హెచ్చరిక గీత, దానికి నాలుగు గంటల అవతల చర్య గీత ఉంటాయి. కాన్పు గీత మొదటిదాన్ని దాటితే జాగ్రత్తపడాలి, రెండోదాన్ని దాటితే ఏదో ఒకటి చేసి తీరాలి. మన ఊహా కాగితంలో బిడ్డ గుండె చప్పుడు రాత్రంతా 140 దగ్గరే చక్కగా ఉన్నట్టు, ఒకే పెన్నుతో ఒకే తీరున పెట్టిన చుక్కలున్నాయి. నర్సు నోట్సులో మాత్రం 2.40కి గుండె చప్పుడు తగ్గిందనీ, డాక్టరుగారికి ఫోన్ చేశామనీ ఉంది. మత్తు డాక్టరు షీటులో ఆపరేషన్ మొదలైంది 4.50కి. అనుమతి పత్రం మీద వేలిముద్ర ఉంది, వేళ వేయలేదు. ఈ నాలుగు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మధ్యలో రెండు గంటల పది నిమిషాలు బయటపడతాయి. అంతమాత్రాన డాక్టరు దోషి అయిపోడు. థియేటర్లో అప్పటికే మరో ఆపరేషన్ జరుగుతూ ఉండొచ్చు, రక్తం దొరకలేదేమో, మూడింటికే వచ్చి చూసి రాసిన కాగితం ఈ కట్టలో లేకపోయి ఉండొచ్చు. కాబట్టి నిపుణుడు ఉన్న కాగితాలు చదవాలి, లేని కాగితాల్ని అడగాలి, రెండూ తేలాకే మాట్లాడాలి. ఈ పని వకీలు చేయలేడు, జడ్జి చేయలేడు, ఏడుస్తున్న తండ్రి అసలే చేయలేడు. తెలిసినవాడు ఒక్కడే చేయగలడు. ధర్మం అతని మీద బరువు పెట్టేది అందుకే.

చూడనివాడి మాటకు ప్రమాణమయ్యే శక్తి ఎలా వస్తుందన్నది మన తర్కశాస్త్రానికి పాత ప్రశ్న. న్యాయసూత్రాలు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తర్వాత శబ్దాన్ని నాలుగో ప్రమాణంగా ఒప్పుకున్నాయి, అయితే ఆ శబ్దం ఆప్తుడిదై ఉండాలన్నాయి. ఆప్తుడెవరన్నదానికి వాత్స్యాయనుడు తన భాష్యంలో ఇచ్చిన వివరణ నేటి కోర్టుకు కూడా సరిపోతుంది. విషయాన్ని సాక్షాత్తుగా ఎరిగి ఉండాలి, తాను ఎరిగినట్టే ఎదుటివారికి చెప్పాలన్న కోరికతో మాట్లాడాలి. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటేనని ఆయన తేల్చాడు. కులగోత్రాలు, పదవులు, డిగ్రీల వరస ఆ నిర్వచనంలో లేవు. చరకుడు వైద్యుల కోసమే మరో అడుగు వేశాడు. సూత్రస్థానం పదకొండో అధ్యాయంలో ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానాలతో పాటు యుక్తిని నాలుగో పరీక్షగా చెప్పాడు. అనేక కారణాలు ఎలా కలిసి ఒక ఫలితాన్ని తెచ్చాయో చూడగల బుద్ధికి ఆయన పెట్టిన పేరు అది. రోగం, వయసు, మందు, వేళ, చేసిన పని, చేయకుండా వదిలేసిన పని అన్నీ కలిసి ఒక చావుకో అంగవైకల్యానికో ఎలా దారితీశాయో విడదీసి చూపడం యుక్తి పనే. కేసు షీటు చదివే నిపుణుడు చేసేదీ అదే. అతను గదిలో లేడు, నిజమే. కానీ ఆ గదిలో అలాంటి వేళ ఏం జరగాలో సాక్షాత్తుగా ఎరిగినవాడు. అతని సాక్ష్యం జరిగినదాని గురించి మాత్రమే అయితే అది విన్న మాట అవుతుంది. జరిగినదానికీ జరగవలసినదానికీ మధ్య దూరం గురించి గనుక ప్రమాణమవుతుంది.

అయితే ఆప్తుడన్న పేరుతో ఎవరి మాటనైనా తలవంచి ఒప్పుకోవాలా అని బౌద్ధులు గట్టిగా అడిగారు. వంశధార దక్షిణపు గట్టున శాలిహుండం స్తూపాల మధ్య బౌద్ధం శతాబ్దాల పాటు బతికిన నేల ఇది, ఆ ప్రశ్న మనకు పరాయిది కాదు. దిఙ్నాగుడు శబ్దాన్ని ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకోలేదు, అది అనుమానంలోనే ఇమిడిపోతుందన్నాడు. చెప్పినవాడి గౌరవాన్ని బట్టి నమ్మితే చాలదు, ఆ మాట వెనకున్న హేతువు నిలుస్తుందా అని చూడాలన్నది ఆ దారి సారం. సుప్రీంకోర్టు 2009లో రమేశ్ చంద్ర అగర్వాల్, రీజెన్సీ హాస్పిటల్ కేసులో ఇదే దారిన నడిచింది. దేశంలో పేరున్న వైద్యసంస్థ నుంచి అభిప్రాయం వచ్చింది, కానీ ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో కారణాలు లేవు. అది చాలదని కోర్టు తేల్చింది. నిపుణుడి మాట సలహా వంటిదనీ, న్యాయమూర్తి తన తీర్పు తానే చెప్పుకోవడానికి కావలసిన శాస్త్రపు కొలతల్ని అతను అందించాలనీ చెప్పింది. పాత సాక్ష్య చట్టంలో 45వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షను నిపుణుడి అభిప్రాయానికి చోటిస్తాయి, తీర్పు చెప్పే అధికారం ఇవ్వవు. నైయాయికుడికీ బౌద్ధుడికీ తర్కసభలో తగవు తీరలేదేమో గానీ, కోర్టులో ఇద్దరూ కావాలి. మొదటివాడు చెప్పినట్టు నిపుణుడు ఆప్తుడై ఉండాలి, రెండోవాడు చెప్పినట్టు అతని హేతువు అందరి ముందూ పరచి ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ మాట చెల్లదు.

ఈ రెండింటిలో ఒకటి తప్పితే ఎంత ఘోరం జరుగుతుందో ఇంగ్లండులో శాలీ క్లార్క్ కేసు చూపింది. ఇద్దరు పసిబిడ్డల్ని చంపిందని 1999లో ఆ తల్లికి యావజ్జీవం పడింది. అలాంటి కుటుంబంలో రెండు ఊయల మరణాలు, అంటే పసిబిడ్డలు నిద్రలో కారణం తెలియకుండా పోవడాలు, సహజంగా జరిగే అవకాశం 7 కోట్ల 30 లక్షల్లో ఒకటేనని ఒక పేరున్న పిల్లల వైద్యుడు బోనులో చెప్పాడు. ఆయనకు పిల్లల జబ్బులు తెలుసు, సంభావ్యత గణితం తెలియదు, ఆ లెక్క తప్పు. శవపరీక్ష చేసిన వైద్యుడి దగ్గర రెండో బిడ్డ ఒంట్లో బ్యాక్టీరియా ఉన్నట్టు చెప్పే ల్యాబ్ ఫలితాలున్నాయి, వాటిని ఆయన డిఫెన్సు వాళ్లకు చూపలేదు. 2003లో శిక్ష రద్దయింది. నాలుగేళ్లకు ఆమె చనిపోయింది. ఒక నిపుణుడు తాను ఎరగని చోట ఎరిగినట్టు మాట్లాడాడు, ఇంకొకరు ఎరిగినదాన్ని తనలోనే ఉంచుకున్నారు. వాత్స్యాయనుడి రెండు లక్షణాల్లో చెరొకటి విరిగింది. అది హత్య కేసు, వైద్య నిర్లక్ష్యం కేసు కాదు. కానీ వైద్య రికార్డును నిపుణుడు సగం చూపితే చూపని సగం ఎవరి ప్రాణం మీదికైనా రావచ్చన్నది ఎక్కడైనా ఒకటే. ఆ ప్రాణం రోగిదీ కావచ్చు, వైద్యుడిదీ కావచ్చు.

ఇప్పుడు ఆక్షేపణలకు వద్దాం. అన్నిటికన్నా బలంగా వినబడేది వృత్తిబంధం గురించినది. వైద్యుడు వైద్యుడికి వ్యతిరేకంగా మాట్లాడితే వృత్తి పరువు పోతుందనీ, ఇవాళ వాడికొచ్చింది రేపు మనకు రావచ్చనీ అంటారు. ఈ భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఆసుపత్రుల మీద దాడులు, తప్పుడు కేసులు, పరిహారం పేరుతో బేరాలు నిజంగానే ఉన్నాయి. కానీ సొంతవాళ్ల మీద సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు ఏం చేయాలన్నదానికి మహాభారతం సభాపర్వంలో ఒక నిలువెత్తు ఉదాహరణ ఉంది. ద్రౌపది అడిగిన ప్రశ్నకు సభలో పెద్దలంతా మౌనంగా ఉన్నప్పుడు విదురుడు ఆ కథ చెబుతాడు. ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడికీ, అంగిరసుడి కొడుకు సుధన్వుడికీ ఎవరు గొప్ప అన్న పోటీ వస్తుంది. ఓడినవాడి ప్రాణం పందెం. ఇద్దరూ ప్రహ్లాదుణ్ణే తీర్పు అడుగుతారు. నిజం చెబితే కొడుకు ప్రాణం పోతుంది. అతను కశ్యపుణ్ణి ఆశ్రయిస్తాడు. తెలిసీ కామంతోనో, కోపంతోనో, భయంతోనో చెప్పకుండా ఊరుకున్నవాడికి వేయి వరుణపాశాలు చుట్టుకుంటాయనీ, ఏడాదికి ఒక్కటి చొప్పున వీడుతాయనీ కశ్యపుడు హెచ్చరిస్తాడు. సభలో నిందించదగినదాన్ని నిందించకపోతే పాపంలో సగం సభాపతికీ, పావు చేసినవాడికీ, మిగతా పావు ఊరుకున్న సభ్యులకూ పంచుతాడు. ప్రహ్లాదుడు సుధన్వుడే గొప్పవాడని చెబుతాడు. పుత్రప్రేమను పక్కనపెట్టి ధర్మం చెప్పినందుకు సుధన్వుడే విరోచనుడి ప్రాణం విడిచిపెడతాడు.

ఈ కథలో రెండు విషయాలు మన ప్రశ్నకు నేరుగా తగులుతాయి. మౌనానికి కూడా పాపంలో వాటా ఉందన్నది మొదటిది. ఫైలు నెలల తరబడి అట్టేపెట్టి చివరికి అభిప్రాయం చెప్పలేమని పంపే వైద్యుడు ఎవరికీ హాని చేయలేదని అనుకుంటాడు. కశ్యపుడి లెక్కలో అతను పావు వాటాదారు. రెండోది, నిజం చెప్పడం వల్లే ప్రహ్లాదుడి కొడుకు బతికాడు. వృత్తి విషయంలోనూ ఇదే జరుగుతుంది. జేకబ్ మాథ్యూ తీర్పు నిపుణుడి అభిప్రాయాన్ని ముందు షరతుగా పెట్టిందే వైద్యుణ్ణి అన్యాయపు కేసుల నుంచి కాపాడటానికి. నమ్మదగిన నిపుణుడు లేని చోట ఆ కవచం పనిచేయదు. నిజాయితీ గల వైద్యుడు చేయగలిగినదంతా చేసి రోగి పోయినప్పుడు, ఆ మాట ఇంకో వైద్యుడు గట్టిగా రాసి ఇస్తే ఆ కుటుంబానికి చాలాసార్లు మనసు కుదుటపడుతుంది. వైద్యులంతా ఒకరినొకరు కాపాడుకుంటారని జనం నమ్మేస్తే, నిర్దోషి గురించి చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. అప్పుడు జనం కోర్టు గుమ్మం బదులు ఆసుపత్రి అద్దాల వైపు చూస్తారు. దాడులకు నేను ఎలాంటి సమర్థనా ఇవ్వను. అయితే నిజం చెప్పే మార్గం మూసుకుపోవడం వాటికి ఒక కారణమని మాత్రం వైద్యవృత్తి ఒప్పుకోవాలి.

రెండో ఆక్షేపణ మన ఇళ్లలోనే పుడుతుంది. ఆయుష్షు తీరింది, నుదుట అంతే రాసిపెట్టి ఉంది, ఇప్పుడు డాక్టరును అని ఏం లాభం అంటారు పెద్దవాళ్లు. దుఃఖాన్ని ఓర్చుకోవడానికి ఆ మాట అవసరమే, దాన్ని ఎవరి దగ్గరా లాక్కోకూడదు. కానీ దాన్ని న్యాయానికి అడ్డుగా నిలబెట్టడానికి మన శాస్త్రమే ఒప్పుకోదు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు ఇదే అడుగుతాడు, మనిషి ఆయుష్షు ముందే నిర్ణయమై ఉంటుందా అని. గురువు ఆత్రేయుడు దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) రెండూ కలిస్తేనే ఆయుష్షు అంటాడు. అంతా ముందే రాసి ఉంటే మందులు, పథ్యాలు, జాగ్రత్తలు ఎవరికీ అక్కరలేదు కదా అని ఎదురు అడుగుతాడు. బండి ఇరుసును పోలిక తెస్తాడు. మంచి ఇరుసు సరైన బరువుతో, సరైన దారిలో తన కాలం పూర్తయ్యేదాకా నడుస్తుంది, ఎక్కువ బరువు వేసినా, గతుకుల్లో తోలినా నడిమధ్యలోనే విరుగుతుంది. అలాగే అకాల మరణమూ ఉంటుందన్నది ఆయన నిర్ణయం. వైద్యశాస్త్రానికి పునాది వేసిన గ్రంథమే అకాల మరణాన్ని ఒప్పుకున్నప్పుడు, ఇరుసు కాలం తీరి విరిగిందా, తోలినవాడి తప్పు వల్ల విరిగిందా అని అడగడం దైవదూషణ కాదు. పురుషకారం ఉన్నచోట బాధ్యత ఉంటుంది, బాధ్యత ఉన్నచోట విచారణ ఉంటుంది.

మూడో ఆక్షేపణ ఇంకా లోతైనది, వైద్యుల వైపు నుంచి న్యాయంగా వచ్చేది. ఫలితం తెలిసినవాడికి వెనక్కి తిరిగి చూస్తే అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. తెల్లవారుజామున నిద్రలేని కళ్లతో, సగం సమాచారంతో నిర్ణయం తీసుకున్నవాడికి ఆ స్పష్టత లేదు. చావు గురించి తెలిసి చదివే నిపుణుడు ప్రతి పేజీలోనూ ఆ చావునే వెతుకుతాడు. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అదే నిపుణుడు పాటించాల్సిన మొదటి నియమం కావాలంటాను. గీత మనకు నేర్పిన తేడా ఇక్కడ పనికొస్తుంది. మనిషికి అధికారం కర్మ మీదే, ఫలం మీద కాదు. కాబట్టి తూచాల్సిందీ కర్మనే. నిపుణుడు వేసుకోవాల్సిన ప్రశ్న "రోగి ఎందుకు పోయాడు" అన్నది కాదు. ఆ వేళకు ఆ వైద్యుడికి తెలిసినదాన్ని బట్టి, తెలుసుకోగలిగినదాన్ని బట్టి, ఒక మామూలు జాగ్రత్త గల వైద్యుడు ఏం చేసి ఉండేవాడన్నదే. ఇంగ్లండులో 1957 నాటి బోలమ్ తీర్పు నుంచి మన కోర్టులు అరువు తెచ్చుకున్న కొలత కూడా దాదాపు ఇదే. ఇందుకు ఒక ఆచరణ మార్గం ఉంది. కేసు షీటును చివరి పేజీ నుంచి కాక మొదటి పేజీ నుంచి, గంటల వరసలో చదవాలి. ప్రతి మలుపులో ఆగి, అప్పటికి చేతిలో ఉన్న రిపోర్టులేవో రాసుకోవాలి, తర్వాతే పేజీ తిప్పాలి. ఇలా చదివినవాడు నిర్దోషిని దోషి అనడు, దోషిని వదిలేయడు.

కాగితం నిజం చెబుతుందని నమ్మకమేమిటని నాలుగో ప్రశ్న. ఆసుపత్రి రాసుకున్నదే రికార్డు, తప్పు చేసినవాడే రాతగాడు అయినప్పుడు దాన్ని చదివి ఏం తేలుతుంది? తెలుగు నేల మీద నడిచిన రెండు కేసులు దీనికి జవాబిస్తాయి. హైదరాబాదు నిమ్స్‌లో 1990లో ఛాతీలో గడ్డకు ఆపరేషన్ జరిగిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి నడుము కింద చచ్చుబడిపోయింది. ప్రశాంత్ ధనంక కేసుగా అది ప్రసిద్ధం. చక్రాల కుర్చీలో కూర్చుని తన వాదన తానే వినిపించిన ఆయనకు 2009 మే 14న సుప్రీంకోర్టు కోటి రూపాయల పరిహారం ఇచ్చింది. పక్కటెముకలు, వెన్నుపూస అరిగిన జాడ ఎక్స్‌రేలో ఉన్నా న్యూరో సర్జనును ఎందుకు కలుపుకోలేదన్నది ఆ కేసులో కీలకమైంది. రికార్డులో ఉన్న ఎక్స్‌రే, రికార్డులో లేని న్యూరో సర్జను, రెండూ కలిసి మాట్లాడాయి. బాధితుడు మొదటి భారం మోశాక జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆసుపత్రి మీదికి మారుతుందని కూడా ఆ తీర్పు చెప్పింది. 2010 మార్చి 8న వచ్చిన వి. కిషన్‌రావు కేసు రెండోది. చలిజ్వరంతో చేరిన భార్యకు టైఫాయిడ్ వైద్యం చేశారని, అసలు జబ్బు మలేరియా అని ఆమె భర్త వాదించారు. ఆయన మలేరియా విభాగంలోనే అధికారి. 2002 జూలైలో నాలుగు రోజుల తర్వాత ఆమెను మరో ఆసుపత్రికి మార్చారు, ఆమె బతకలేదు. ఆ రెండో ఆసుపత్రి కాగితాలు మలేరియా అన్నాయి. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇస్తే, నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్ కొట్టేసింది. సుప్రీంకోర్టు పరిహారాన్ని నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడు కావాలని పట్టుబడితే చట్టం ఇచ్చిన పరిహార మార్గం ఎండమావి అవుతుందని హెచ్చరించింది.

కిషన్‌రావు తీర్పును చూపి, ఇక నిపుణుడి అవసరమే లేదని కొందరు అంటారు. అది తొందరపాటు. కాగితాలు తమంతట తామే మాట్లాడే కేసుల్లో నిపుణుడు అక్కరలేదు. కడుపులో కత్తెర మర్చిపోతే దానికి ఏ ప్రొఫెసరూ వ్యాఖ్యానం రాయనక్కర లేదు. కానీ మనం ముందు చూసిన కాన్పు కేసు షీటు లాంటివే ఎక్కువ. వాటిని చదవాలంటే తెలిసినవాడు కావాల్సిందే. ఒక ఆసుపత్రి తన కాగితాలు తాను దిద్దుకోగలదు, రక్తం పరీక్షించిన ల్యాబునూ, రోగిని తర్వాత చేర్చుకున్న ఆసుపత్రినీ, అంబులెన్సు వేళనూ దిద్దలేదు. వాటిని కలిపి చదివే నిపుణుడి ముందు దిద్దిన రాత ఎక్కువసేపు నిలవదు. ఇక నిపుణుడికి డబ్బిచ్చేది ఎవరన్న ప్రశ్న మిగులుతుంది. ఫీజు తీసుకోవడం తప్పు కాదు, చదవడానికి రోజులు పడుతుంది. ఫీజు ఇచ్చినవాడి పక్షం కావడం తప్పు. ఇంగ్లండు సివిల్ విచారణ నియమాలు నిపుణుడి మొదటి కర్తవ్యం కోర్టుకేనని, డబ్బిచ్చినవాడి పట్ల ఉన్న బాధ్యత దాని ముందు నిలవదని రాసిపెట్టాయి. మన దగ్గర అలాంటి స్పష్టమైన నియమం వచ్చేదాకా, ప్రతి అభిప్రాయం మీదా ఎవరు అడిగారో, ఎంత ఇచ్చారో, ఏయే కాగితాలు చదివారో, ఏవి అందలేదో నిపుణుడే రాయాలి. ఆప్తుడికి దాచుకోవాల్సిందేమీ ఉండదు.

ఇంతవరకు వచ్చాక నా తీర్పు నేను చెబుతాను. వైద్యుడు రోగి ముందు ఎంత బాధ్యుడో, కేసు షీటు ముందు కూడా అంతే బాధ్యుడు. ఆ కాగితాల వెనక ఒక రోగి ఉన్నాడు, అతను ఇక మాట్లాడలేడు. ఇంకో వైద్యుడు ఉన్నాడు, అతను మాట్లాడినా ఎవరూ నమ్మరు. ఇద్దరి మధ్యా నిలబడి నిజం చెప్పగలిగేవాడు తప్పుకుంటే ఇద్దరికీ అన్యాయమే. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. వైద్య విద్యార్థికి ఇతరుల కేసు షీటును నిష్పక్షపాతంగా చదవడం, న్యాయం చదివే విద్యార్థికి ఆ కాగితాల్లో ఏది ఎక్కడ ఉంటుందో గుర్తుపట్టడం ఈ రెండు చోట్లా నేర్పవచ్చు. అది పెద్ద ఖర్చు కాదు, సంకల్పం కావాలి. సీనియర్ వైద్యులకు నా విన్నపం ఒక్కటే. మీ దగ్గరికి వచ్చిన ఫైలును తిప్పి పంపకండి. మొదటి పేజీ నుంచి చదవండి, కారణాలతో రాయండి, మీ వాడైనా పైవాడైనా ఒకే కొలత పెట్టండి. పాఠకులకు కూడా ఒక మాట. వైద్యం జరిగిన ప్రతిచోటా కేసు షీటు కాపీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అడిగితే వైద్యుణ్ణి అనుమానించినట్టు కాదు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం వైద్యులు రికార్డును మూడేళ్లు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.